మోటారు కన్నా ముందు ప్రొపెల్లర్

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. రిమోటుతో నడిచే ఎలక్ట్రిక్ పడవను ఈ సెలవుల్లో సొంతంగా కట్టాలని నిశ్చయించుకున్నామని, అది నీటి మీద దూసుకుపోయేంత వేగంగా ఉండాలని, అందుకు అన్నిటికన్నా మంచి మోటారు ఏదో చెప్పమని మీరు రాసిన ఉత్తరం అందింది. చాలా సంతోషం కలిగింది. అయితే మోటారు సంగతి నేను ఉత్తరం మొదట్లోనే రాయడం లేదు. పడవలో మోటారు ఎంత కరెంటు లాగాలో దాని మీద అచ్చు వేసిన అంకెలు తేల్చవు. నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్ తేలుస్తుంది. కాబట్టి పడవ శరీరంతో, అంటే మనం హల్ అని పిలిచే భాగంతో మొదలుపెట్టి, దానికి తగిన ప్రొపెల్లర్, ఆ తరువాత వోల్టేజి, మోటారు, చిట్టచివర మోటారు వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్, బ్యాటరీ అనే క్రమంలో ఎంచుకోవాలి. ముందు మోటారు కొనేసి, మిగతావాటిని దానికి అతికించబోయిన వాళ్లు ఒక్కో వస్తువుకు రెండుసార్లు డబ్బు పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

మొదటి పడవకు సుమారు 70 సెంటీమీటర్ల పొడవున్న డీప్ వీ హల్ తీసుకోండి. దాని అడుగు భాగం కోసుగా ఉంటుంది కాబట్టి చిన్న అలలను చీల్చుకుంటూ పోతుంది. రెండు హల్‌లు పక్కపక్కన ఉండే కాటమరాన్ మలుపుల్లో నిలకడగా ఉంటుంది (ఆ పేరు తమిళ తీరపు కట్టుమరం నుంచే ఇంగ్లీషులోకి వెళ్లింది), కానీ వాటి మధ్య సొరంగంలో దూరిన గాలి, ఎదురుగాలి తోడైతే, ముందు భాగాన్ని లేపి పడవను వెల్లకిలా పడవేస్తుంది. ఇరువైపులా చేతుల్లాంటి తేలుడు బిళ్లలుండే ఔట్‌రిగ్గర్ అద్దంలాంటి నీటి మీద అన్నిటికన్నా వేగంగా వెళ్తుంది. మధ్యాహ్నపు గాలికి అల లేచే మన చెరువులో మాత్రం దానితో నేర్చుకోవడం కష్టం. ఏ హల్ తీసుకున్నా బరువు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. గోదావరి పడవవాళ్లు ముందు భాగాన్ని అణియమని, వెనుక భాగాన్ని అమరమని అంటారు. డీప్ వీ పడవలో బరువు కేంద్రం అమరం నుంచి మొత్తం పొడవులో 30 శాతం దూరంలో, అంటే 70 సెంటీమీటర్ల పడవకు 21 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా బ్యాటరీని ముందుకో వెనక్కో జరుపుకోండి. అందుకే బ్యాటరీని అంటించేయకుండా వెల్క్రో పట్టీతో కట్టమంటాను.

ఇక ప్రొపెల్లర్. వేగపు పడవల్లో ఇది పూర్తిగా మునిగి ఉండదు. పడవ నీటి మీదికి లేచాక దాని పై సగం గాలిలో, కింది సగం నీళ్లలో తిరుగుతుంది. దీనికి రెండు కొలతలు ముఖ్యం. ఒకటి వ్యాసం. రెండోది పిచ్, అంటే మెత్తటి కొయ్యలో స్క్రూ దిగినట్టు, ఒక్క చుట్టుకు అది ముందుకు సాగవలసిన దూరం. మీరు చదివిన ఎక్స్ 440 అనే ప్రొపెల్లర్ పేరులో ఈ రెండూ ఉన్నాయి: మొదటి 4 పిచ్‌కూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి 1.4 అని, తరువాతి 40 వ్యాసం 40 మిల్లీమీటర్లని చెబుతాయి. కాబట్టి ఒక చుట్టుకు అది 56 మిల్లీమీటర్లు సాగాలి.

ఇక్కడ ఒక లెక్క మనసులో నాటుకోవాలి. చుట్ల వేగం, ఆకారం మారకుండా ఉంటే, ప్రొపెల్లర్‌ను తిప్పడానికి కావలసిన శక్తి దాని వ్యాసానికి అయిదో ఘాతం చొప్పున పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల నుంచి 42కు వెళ్తే పెరిగింది రెండు మిల్లీమీటర్లే అనిపిస్తుంది, కానీ కావలసిన శక్తి దాదాపు 28 శాతం పెరుగుతుంది. 45కు వెళ్తే 80 శాతం పెరుగుతుంది. ఈ లెక్క తెలియని రోజుల్లో నేను చక్కగా పరుగెత్తుతున్న పడవకు ఇంకొంచెం వేగం కావాలని 40 తీసి 45 బిగించాను. పడవ నిమిషం కూడా తిరగలేదు. మూత సందులోంచి పొగ వచ్చింది, కంట్రోలర్ కాలిపోయింది. ఆ రోజు నుంచి నేను ఎప్పుడూ చిన్న ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టి, వేడి చూసుకుంటూ, ఒక్కో మెట్టు పైకి వెళ్తున్నాను. మీరు కూడా అలాగే చేయాలని గట్టిగా కోరుతున్నాను.

లోహపు ప్రొపెల్లర్లు పెద్దవాళ్లను అడగకుండా కొనకండి. వాటిని అంచులు పదును పెట్టి, తూకం సరిచేసి వాడుకోవాలి. వాటిలో కొన్ని బెరీలియం రాగితో చేసినవి. దాన్ని ఆకురాయితో రాసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. కాబట్టి ఆ పని మీరు చేయవద్దు. మొదట గట్టి ప్లాస్టిక్ ప్రొపెల్లర్ వాడండి, లేదా పదునూ తూకమూ ముందే సరిచేసి అమ్మే లోహపు ప్రొపెల్లర్ తెప్పించుకోండి.

ఇప్పుడు వోల్టేజి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్ 3.7 వోల్టులు, నిండా చార్జ్ అయితే 4.2. మూడు సెల్‌లను 3ఎస్ అని, నాలుగింటిని 4ఎస్ అని అంటారు. ఒక పడవకు 1000 వాట్లు కావాలనుకోండి. 3ఎస్ మీద 90 ఆంపియర్లు, 4ఎస్ మీద 68 ఆంపియర్లు, 6ఎస్ మీద 45 ఆంపియర్లు పారాలి. తీగల్లో, మోటారు చుట్లలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, నిరోధం ఒకటేననుకుంటే, 3ఎస్ మీద పుట్టే వేడిలో నాలుగో వంతే 6ఎస్ మీద పుడుతుంది. ఎక్కువ వోల్టేజి పడవను కాపాడుతుందని అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది ఇందుకే. అయితే 6ఎస్ బరువు, ఖరీదు, దాని వేగం మీ మొదటి పడవకు ఎక్కువ. 4ఎస్ తీసుకోండి.

మీరు అడిగిన మోటారు దగ్గరికి ఇప్పుడు వద్దాం. దాని మీద రాసిన కేవీ అంటే కిలోవోల్టు కాదు. ఒక్క వోల్టుకు బరువు లేకుండా నిమిషానికి తిరిగే చుట్లు. మీ హల్‌కు, 4ఎస్‌కు, 40 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్‌కు 3660 కొలత ఉన్న, నాలుగు పోల్‌ల (అయస్కాంత ధ్రువాల) బ్రష్‌లెస్ మోటారు, 2000 కేవీకి దగ్గరలో సరిపోతుంది. 3660 అంటే 36 మిల్లీమీటర్ల వ్యాసం, 60 మిల్లీమీటర్ల పొడవు. 2000ను 14.8తో హెచ్చిస్తే 29,600 చుట్లు వస్తాయి. నీటి బరువు పడ్డాక అందులో 80 శాతం మిగులుతుందనుకుంటే సుమారు 23,700. ఒక్కో చుట్టుకు 56 మిల్లీమీటర్ల చొప్పున గంటకు దాదాపు 80 కిలోమీటర్లు. నీళ్లు కొయ్య కావు, ప్రొపెల్లర్ కొంత జారుతుంది. ఆ జారుడు 15 నుంచి 20 శాతం తీసేస్తే 65 కిలోమీటర్ల దగ్గర నిలుస్తాం. రెండు కిలోల పడవ ఆ వేగంతో వచ్చి తగిలితే కాలు విరుగుతుంది. ఈదే వాళ్లున్న చోట, బట్టలుతికే రేవు దగ్గర దాన్ని నీళ్లలోకి దించకూడదు. కేవీ ఎక్కువైతే వేగం ఎక్కువని 3000 కేవీ మోటారును 4ఎస్‌కు తగిలించవద్దు. 44,000 చుట్లకు పైగా తిరగబోయే ఆ మోటారు అదే ప్రొపెల్లర్‌తో మోయలేనంత కరెంటు లాగి మాడిపోతుంది.

మోటారుకు కరెంటు అందించే ఈఎస్‌సీ అనే కంట్రోలర్‌ను పడవల కోసమే చేసినదాన్ని కొనండి. దానికి నీళ్లు పారే అల్యూమినియం గొట్టాలు ఉంటాయి. చుక్కాని ముందు అంచున ఉన్న రంధ్రం గుండా పరుగులోనే నీళ్లు ఎక్కి, కంట్రోలర్‌ను, మోటారు చుట్టూ ఉన్న తొడుగును చల్లబరచి, పక్క రంధ్రం నుంచి బయటకు చిమ్ముతాయి. ఆ ధార ఒడ్డు నుంచి కనబడేలా పెట్టుకోండి. ధార ఆగిందంటే గొట్టంలో నాచు చిక్కుకుందన్నమాట, వెంటనే థ్రాటిల్ (రిమోటులోని వేగపు మీట) తగ్గించాలి. మీ పడవ సగటున 60 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 120 ఆంపియర్ల కంట్రోలర్ తీసుకోండి. ఈ రెట్టింపు విలాసం కాదు. మన చెరువుల్లో గుర్రపుడెక్క వేరు ఒకటి ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న క్షణంలో కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి వెళ్లే తీగలను పొడిగించకండి. అవి పొడవైతే వోల్టేజి ఊగిసలాడి లోపలి కెపాసిటర్లను చెడగొడుతుంది. దూరం తప్పకపోతే మోటారు వైపు మూడు తీగలను పొడిగించండి. సెట్టింగుల్లో రివర్స్, బ్రేకు తీసేసి, ఒక్కో సెల్ 3.3 వోల్టుల దగ్గరకు వస్తే శక్తి తగ్గేలా పెట్టుకోండి.

బ్యాటరీ 4ఎస్, 5000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ గంటలు, అంటే 5 ఆంపియర్లు గంటసేపు ఇచ్చే నిల్వ) తీసుకోండి. దాని మీద 40సీ అని ఉంటే 5 ఆంపియర్లను 40తో హెచ్చించి 200 ఆంపియర్లు ఇస్తుందని అర్థం. నేనైతే ఆ లేబుల్‌లో సగమే నమ్ముతాను, అయినా 100 ఆంపియర్లు మీకు చాలు. ఎనభై శాతమే వాడుకుంటే, 60 ఆంపియర్ల చొప్పున సరిగ్గా నాలుగు నిమిషాలు పరుగు వస్తుంది. రిమోటులోని టైమర్‌ను మూడున్నర నిమిషాలకు పెట్టుకుంటే తిరిగి వచ్చేందుకు మిగులు ఉంటుంది. చార్జింగ్ 5 ఆంపియర్లకు మించకుండా, అన్ని సెల్‌లనూ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జర్‌తో, రాతి నేల మీద, పెద్దవాళ్లు దగ్గరుండగానే చేయాలి. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి కూడా వాడకూడదు. వారం రోజులు వాడకపోతే ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. బ్యాటరీని కంట్రోలర్‌కు కలిపే కనెక్టర్ ఎక్స్‌టీ 90 రకం చాలు.

మోటారును ప్రొపెల్లర్‌కు కలిపేది ఫ్లెక్స్ షాఫ్ట్. సన్నటి ఉక్కు తీగలు పేని చేసిన తాడు అది. తిరిగేటప్పుడు పేనిన తీగలు బిగిసే దిశలోనే మోటారు తిరగాలి, విప్పుకునే దిశలో తిరిగితే పాడవుతుంది. మోటారు దిశ మార్చాలంటే మూడు తీగల్లో ఏ రెండింటినైనా అటూ ఇటూ మార్చండి. బిగిసినప్పుడు తాడు కాస్త పొట్టిదవుతుంది కాబట్టి ప్రొపెల్లర్ ముందుండి దాన్ని తిప్పే డ్రైవ్ డాగ్ అనే ముక్కకూ, షాఫ్ట్‌ను పట్టి ఉంచే స్ట్రట్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. ప్రతి రోజూ ఇంటికి వచ్చాక దాన్ని బయటకు లాగి తుడిచి, నీటికి కరగని గ్రీజు పూయండి.

ఇక రిమోటు. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా బ్యాటరీతో నడిచే చిన్న పడవను రేడియోతో తిప్పి చూపించి, అదే ఏడాది నవంబరు 8న పేటెంటు పొందాడు. మీ రిమోటు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్లు పీల్చేస్తాయి. కాబట్టి రిసీవర్ యాంటెనా చివరి మూడు సెంటీమీటర్లు నీటి మట్టం కన్నా పైన, ఒక ప్లాస్టిక్ గొట్టంలో నిలువుగా ఉండాలి. సిగ్నల్ పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ అనే ఏర్పాటు పెట్టుకుని, పడవను స్టాండు మీద ఉంచి, మోటారును మెల్లగా తిప్పుతూ రిమోటు ఆపి చూడండి. ప్రొపెల్లర్ ఆగకపోతే చెరువుకు వెళ్లకూడదు. చుక్కాని తిప్పే సర్వో అనే చిన్న మోటారు లోహపు పళ్లు ఉన్నదై ఉండాలి. హల్ ముందు భాగం నిండా ఫోమ్ కూర్చండి, మూత అంచుల చుట్టూ టేపు వేయండి. బోల్తా పడినా పడవ తేలాలి.

నీటి మధ్యలో పడవ ఆగిపోతే ఎవరూ దాని కోసం నీళ్లలో దిగకూడదు. చెరువు అడుగున బురద, మట్టి తవ్విన గోతులు పైకి కనబడవు. గాలం కర్రకు తీగ కట్టి, చివర టెన్నిస్ బంతి బిగించి, పడవ అవతలికి విసిరి మెల్లగా లాగండి. అదీ కుదరకపోతే గాలి దాన్ని ఏదో ఒడ్డుకు చేర్చేదాకా ఆగండి.

మొదటి రోజు రెండు నిమిషాలే నడపండి. ఒడ్డుకు రాగానే మూత తీసి మోటారును, కంట్రోలర్‌ను, బ్యాటరీని వేలితో తాకండి. వేలు ఆనించి ఉంచలేనంత వేడిగా ఏది ఉన్నా ప్రొపెల్లర్ పెద్దదైందని అర్థం. ఇంటికి వెళ్లి చార్జ్ చేసేటప్పుడు చార్జర్ ఎన్ని ఎంఏహెచ్ తిరిగి నింపిందో చూసి రాసుకోండి. రెండు నిమిషాల పరుగుకు 2000 ఎంఏహెచ్ ఎక్కితే మీ పడవ సగటున 60 ఆంపియర్లు లాగినట్టు. ఆంపియర్ మీటర్ లేకుండానే తెలిసిపోతుంది. నిమిషాలు, ఎంఏహెచ్, ఏది ఎంత వేడెక్కిందన్నదీ నాకు రాసి పంపండి. అవి చూశాక 42 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ సంగతి ఆలోచిద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య