ఫ్రాంకెన్‌స్టీన్ రాక్షసుడు: ఒక మేకప్ ఆర్టిస్ట్ చెప్పే అపోహలు - వాస్తవాలు

ప్రోస్థెటిక్ మేకప్ (కృత్రిమ ముక్కలు అతికించి ముఖం మార్చే పని) చేసే మాలాంటి వాళ్లకి దర్శకులు చూపించే రిఫరెన్స్ ఫోటోల్లో 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టీన్' ఇప్పటికీ ఉంటుంది. యూనివర్సల్ వాళ్ల సినిమా, దర్శకుడు జేమ్స్ వేల్, రాక్షసుడిగా బోరిస్ కార్లాఫ్. "చూడగానే భయం వేయాలి, కాసేపటికి జాలి కూడా వేయాలి" అంటారు. భయం వరకు మా చేతిలో పని. ఆ జాలిని కూడా మా డబ్బాలోంచే తీసి పూయొచ్చనుకుంటారు చూడండి, ఇబ్బందంతా అక్కడే వస్తుంది. ఈ సినిమా గురించి పదేపదే వినిపించే మాటలు కొన్ని తీసుకుని, నాకు తెలిసింది చెబుతాను.

అపోహ: ఆ జాలి అంతా మేకప్ పుణ్యమే.

మా వృత్తి వాళ్లకి వినసొంపుగానే ఉంటుంది గానీ, ఇందులో నిజం సగమే. మేకప్ చేసినవాడు జాక్ పియర్స్, అప్పట్లో యూనివర్సల్ మేకప్ విభాగానికి పెద్ద. ఆయన ముందు కథలో శవాల ముక్కలు కలిపి రాక్షసుడిని తయారుచేసే డాక్టర్ ఫ్రాంకెన్‌స్టీన్ గురించి ఆలోచించాడు. ఇతను శాస్త్రవేత్తే తప్ప చెయ్యి తిరిగిన సర్జన్ కాదు. మెదడు పెట్టాలంటే సులువైన దారే చూసుకుంటాడు: పుర్రె పైభాగాన్ని అడ్డంగా కోసి, లోపల మెదడు పెట్టి, మళ్లీ మూసి బిగించేస్తాడు. ఆ చదును తల, నుదుటి మీద ఆ కుట్లు అలా వచ్చాయి.

ఇవాళ మేం నటుడి ముఖం అచ్చు తీసుకుని, సిలికాన్ ముక్కలు ముందే పోసి ఉంచుకుని, షూటింగ్ పొద్దున అతికిస్తాం. పియర్స్‌కి ఆ సౌకర్యం లేదు. దూది, కలోడియన్ (ఆరితే పొరలా గట్టిపడే ఘాటైన ద్రవం) పొరలు పొరలుగా వేసి ఆ నుదురంతా రోజూ మొదటినుంచీ కట్టాలి. దాదాపు నాలుగు గంటల పని. కలోడియన్ వాసన ఒక్కసారి పీల్చినవాళ్లకి ఆ నాలుగు గంటలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ పియర్స్ గొప్పతనం నాకు ఆయన కట్టిన నుదుటి కంటే, ముట్టుకోకుండా వదిలేసిన చోట్లలో ఎక్కువ కనిపిస్తుంది. ముక్కు, బుగ్గలు, నోరు దాదాపు కార్లాఫ్‌వే. నోట్లో ఒక పక్క పెట్టుకునే కట్టుడు పళ్లని కార్లాఫ్ తీసేసేవాడు, దాంతో ఆ పక్క బుగ్గ లోపలికి పీక్కుపోయేది. ముక్క అతికించకుండానే శవం బుగ్గ తయారు! కళ్ల సంగతి మరీ ముఖ్యం. తన కళ్లు మరీ చురుగ్గా, అన్నీ తెలిసిన మనిషి కళ్లలా ఉన్నాయని కార్లాఫ్‌కే అనిపించింది. దాంతో పైరెప్పల మీద మైనం వేసి బరువుగా వాల్చారు. సగం మూసుకున్న ఆ రెప్పల కింద నుంచి అతను చూస్తుంటే, అప్పుడే లోకంలోకి వచ్చినవాడు అర్థంకాక చూస్తున్నట్టు ఉంటుంది. ముఖమంతా రబ్బరుతో కప్పేసి ఉంటే ఇదేదీ కెమెరాకి అందేది కాదు.

అపోహ: రాక్షసుడి రంగు ఆకుపచ్చ, మెడలో బోల్టులు.

సినిమా నలుపు-తెలుపు. బూడిద, ఆకుపచ్చ కలిసిన గ్రీజ్‌పెయింట్ వాడింది ఫిల్మ్ మీద చర్మం పాలిపోయి శవంలా పడాలని, అంతే. తెర మీద ఆకుపచ్చగా కనపడాలని కాదు. మెడలోవి బోల్టులు కావు, కరెంటు ఎక్కించే ఎలక్ట్రోడ్లు. ఫ్రాంకెన్‌స్టీన్ అన్న పేరు కూడా డాక్టర్‌దే. రాక్షసుడికి పేరే లేదు.

అపోహ: నేరస్థుడి మెదడు పెట్టారు కాబట్టి వాడు పుట్టుకతోనే దుర్మార్గుడు.

స్క్రిప్ట్‌లో ఈ ముక్క ఉన్న మాట నిజం. సహాయకుడు ఫ్రిట్జ్ మంచి మెదడున్న జాడీ కింద పడేసి, చెడ్డది పట్టుకొస్తాడు. మేరీ షెల్లీ 1818 నాటి నవలలో ఈ గొడవ లేదు, సినిమా వాళ్లు చేర్చిందే. నా ఉద్దేశంలో అది అనవసరం, కార్లాఫ్ కూడా దాన్ని పట్టించుకున్నట్టు కనిపించదు. అతను నటించింది నేరస్థుడిని కాదు, పసివాడిని.

ఆధారం కావాలంటే హత్యలు ఒక్కొక్కటీ చూడండి. ఫ్రిట్జ్ కాగడాతో బెదిరించి, కొరడాతో కొట్టాక చస్తాడు. ఫ్రాంకెన్‌స్టీన్‌కి ఒకప్పటి గురువైన డాక్టర్ వాల్డ్‌మన్ రాక్షసుడిని బల్ల మీద పడుకోబెట్టి ముక్కలు చేయబోతుండగా చస్తాడు. రెండుచోట్లా ముందు చెయ్యి ఎత్తింది అవతలివాళ్లే. ఒప్పుకోవాల్సిన చోటు ఒకటుంది: ఫ్రాంకెన్‌స్టీన్ పెళ్లికూతురు ఎలిజబెత్ గదిలోకి రాక్షసుడు ఎందుకు దూరాడో సినిమా చెప్పదు. అది భయం కోసం అతికించిన సీనే, అంతకంటే ఏం లేదు.

ఇక వెలుగు సీను. అప్పటిదాకా చీకట్లో ఉంచిన రాక్షసుడిని కుర్చీలో కూర్చోబెట్టి, పైకప్పు కిటికీ తెరుస్తారు. వాడు తల ఎత్తుతాడు. మెల్లగా లేచి, ఆ వెలుగును పట్టుకోవాలన్నట్టు చేతులు పైకి చాస్తాడు. ఫ్రాంకెన్‌స్టీన్ కిటికీ మూసేస్తాడు. వెలుగు పోతుంది, చేతులు మాత్రం దిగవు. తర్వాత అరచేతులు డాక్టర్ వైపు తిరుగుతాయి, ఇమ్మని అడుగుతున్నట్టు. మరుక్షణమే ఫ్రిట్జ్ కాగడాతో లోపలికి వస్తాడు. వెలుగు అడిగినవాడి ముఖం మీదికి మంట. కోటు చేతులు పొట్టిగా కుట్టడం వల్ల మణికట్లు బయటపడి చేతులు ఇంకా పొడుగ్గా కనిపిస్తాయి, అంతవరకు కాస్ట్యూమ్ సాయం ఉంది. ఆ వేళ్లలో బతిమాలడం మాత్రం నటుడు పెట్టిందే.

చెరువు సీను గురించి జనంలో ఉన్న చెడ్డ పేరు మరీ అన్యాయం. చిన్నపిల్ల మరియా వాడిని చూసి భయపడకుండా పువ్వు ఇస్తుంది. ఇద్దరూ పూలు నీళ్లలో వేసి తేలుతుంటే చూస్తారు. వాడి చేతిలో పూలు అయిపోతాయి. ఖాళీ చేతులు చూసుకుని, ఆ పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని ఎత్తి విసిరేస్తాడు. మునిగిపోయేసరికి వాడి కంగారు చూడాలి! సెన్సార్ అభ్యంతరాలతో ఈ చివరి భాగం కత్తిరించారు. షాట్ ఎక్కడ ఆగిందంటే, వాడు పిల్ల వైపు చేతులు చాచేచోట. ఆ తర్వాత తండ్రి ఆమె శవాన్ని మోసుకుంటూ ఊళ్లోకి రావడమే. మధ్యలో ఏం జరిగిందో చూసినవాళ్లు ఎంత ఘోరంగానైనా ఊహించుకోవచ్చు. కత్తిరించిన ముక్క 1980లలో మళ్లీ కలిపారు. అంటే ఓ 50 ఏళ్లపాటు ప్రేక్షకులు ఒక ప్రమాదాన్ని అంతకంటే చెడ్డదిగా అనుకున్నారు. మీరు చూసేది పూర్తి వెర్షనేనా అన్నది ఈ సీన్ దగ్గర ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: బీజీఎం పడితే ఎవరికైనా జాలి వస్తుంది.

మన సినిమాల అలవాటు కొద్దీ అలా అనిపిస్తుంది గానీ, ఈ సినిమాలో టైటిల్స్‌కి తప్ప సన్నివేశాల వెనక నేపథ్య సంగీతం దాదాపు లేదు. వెలుగు సీను ఒకసారి చెవులు పెట్టి వినండి.

అపోహ: రెండు చేతులూ ముందుకు చాచి నడిచేది కార్లాఫ్.

పిల్లల కార్టూన్ల నుంచి ఫ్యాన్సీ డ్రెస్ దాకా అందరూ అదే నడక చేస్తారు. కార్లాఫ్ అలా నడవలేదు. ఆయన ఈ పాత్ర చేసింది మూడు సినిమాల్లో: 1931, 1935, 1939. 1942లో లాన్ చేనీ జూనియర్ వేసిన రాక్షసుడికి సినిమా చివర చూపు పోతుంది. 1943లో వచ్చిన తర్వాతి భాగంలో బేలా లుగోసీ గుడ్డివాడిగానే, చేతులతో తడుముకుంటూ నటించాడు. తీరా ఎడిటింగ్‌లో రాక్షసుడి మాటలు, చూపు లేదన్న ప్రస్తావనతో సహా, తీసేశారు. కారణం పోయి చేతులు మిగిలాయి. పాపం లుగోసీ, ఆ నటన అర్థంలేనిదిగా మిగిలిపోయింది. గూని సహాయకుడి పేరు ఇగోర్ అనుకోవడం కూడా ఇలాంటి కలగాపులగమే. 1931లో ఉన్నది ఫ్రిట్జ్. ఇగోర్ 1939లో వచ్చాడు, అదీ లుగోసీయే వేశాడు.

అపోహ: డైలాగులుంటే ఇంకా బాగా పండేది.

నవలలో రాక్షసుడు పుస్తకాలు చదివి, గంభీరంగా వాదిస్తాడు. 1931లో మూలుగులు తప్ప మాట లేదు. 1935 నాటి రెండో భాగంలో కొన్ని మాటలు ఇచ్చారు, కార్లాఫ్‌కి అది నచ్చలేదు. మాట్లాడాలంటే కట్టుడు పళ్లు పెట్టుకోవాలి కాబట్టి బుగ్గ కూడా నిండిపోయింది, రెండు సినిమాల ఫోటోలు పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. అయినా ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. అడవిలో గుడ్డి సన్యాసి వాడికి రొట్టె పెట్టి, స్నేహం అనే మాట నేర్పే సీను మాటల్లేకుండా కుదరదు. ఆ సన్యాసికి మా మేకప్ కనపడదు. అందుకే వాడిని ఇంట్లోకి రానిచ్చాడు. కళ్లున్న వేటగాళ్లు వచ్చీ రాగానే అంతా అయిపోతుంది.

అపోహ: ముసుగు వెనక నటన తేలిక, కొత్తవాడైనా చేసేస్తాడు.

కార్లాఫ్ కొత్తవాడు కాదు. అసలు పేరు విలియమ్ హెన్రీ ప్రాట్, 1887లో లండన్‌లో పుట్టాడు. తండ్రి మన దేశంలో బ్రిటిష్ వారి ఉప్పు శాఖలో పనిచేశాడు. కార్లాఫ్ 1909లో కెనడా వెళ్లి, నాటక బృందాలతో ఊళ్లు తిరిగి, తర్వాత హాలీవుడ్‌లో పదేళ్లకు పైగా చిన్నాచితకా వేషాలు వేశాడు. రాక్షసుడి వేషం వచ్చేనాటికి 43 ఏళ్లు. ఇంతా చేసి, మొదటి టైటిల్స్‌లో ఆ పాత్ర ఎదురుగా ప్రశ్నార్థకం వేశారు, పేరు చివర్లోనే వచ్చింది.

శ్రమ సంగతి వేరే. బరువైన బూట్లు, మందపాటి బట్టలు, స్టూడియో లైట్ల వేడి. క్లైమాక్స్‌లో డాక్టర్ వేషం వేసిన కొలిన్ క్లైవ్‌ని భుజాన వేసుకుని గుట్ట ఎక్కే షాట్ మళ్లీ మళ్లీ చేయించారు. నడుం నొప్పి కార్లాఫ్‌ని జీవితాంతం వదల్లేదు. 1933లో నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ పెట్టినప్పుడు మొదట చేరినవాళ్లలో ఆయన ఒకడు, సభ్యత్వ సంఖ్య 9. నటుల పని గంటలకు ఒక హద్దు ఉండాలన్నది ఆ సంఘం అడిగినవాటిలో ఒకటి. ఇవాళ మా దగ్గరికి ప్రోస్థెటిక్ రోల్ అని సంబరంగా వచ్చే కుర్రాళ్లకి నేను ముందు చెప్పేది కూడా ఇదే: అగ్రిమెంట్‌లో మేకప్ వేసే సమయం, తీసే సమయం షిఫ్ట్‌లో కలిపారా లేదా చూసుకోండి, లుక్ టెస్ట్ ఫోటోలు తర్వాత చూద్దాం.