మాల తీసిన మర్నాడు: మందు మానేవాళ్ళ మీటింగులపై అపోహలు, వాస్తవాలు

కార్తీకం వచ్చి అయ్యప్ప మాలలు వేసుకున్నారంటే, తాగుడు మాన్పించే మా డీఅడిక్షన్ వార్డులో రద్దీ తగ్గుతుంది. సంక్రాంతి దాటగానే మంచాలు దొరకవు. కౌన్సెలర్‌గా ఏటా ఇదే చూస్తున్నాను. అందుకే మాల గురించి తరచూ వినే మాటతోనే మొదలుపెడతాను.

అపోహ: "మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు మేడమ్. అనుకుంటే మానగలడు. మీటింగులెందుకు?"

వాస్తవం: ఆ 41 రోజులు నిజమైనవే. కానీ అవి ఎలా గడిచాయో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం. నల్లబట్టలు చూసి వీధివీధంతా "స్వామీ" అని పిలవడం. తాగే స్నేహితులు వాళ్ళంతట వాళ్ళే పక్కకు తప్పుకోవడం. సాయంత్రం పదిమందితో కలిసి భజన, గాడి తప్పితే గురుస్వామి మందలింపు. అతను ఒంటరిగా మానలేదు, చుట్టూ ఉన్నవాళ్ళు నిలబెట్టారు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మర్నాడు ఆ పదిమందీ ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. సాయంత్రం ఏడు మాత్రం రోజూలాగే అవుతుంది. బెల్టు షాపు అక్కడే ఉంటుంది.

ఆల్కహాలిక్స్ అనానిమస్, మనవాళ్ళు ఏఏ అంటారు, ఆ పదిమందిని ఏడాది పొడుగునా దగ్గరుంచుతుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒకరు షేర్ల వ్యాపారం చేసినవాడు, ఒకరు సర్జన్, ఒకరి గోడు ఒకరు వినడంతో మొదలైంది. అక్కడ 41 రోజుల లెక్క ఉండదు. "ఈ ఒక్కరోజు తాగను" అన్నదే లెక్క.

అపోహ: మనసు గట్టిగా ఉంటే చాలు, డాక్టరు అక్కర్లేదు.

వాస్తవం: దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితేగానీ కుదుటపడనివాళ్ళు ఉన్నపళంగా ఆపకూడదు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, గోడమీద పురుగులు పాకుతున్నాయన్నా అది డెలీరియం ట్రెమెన్స్. గాలి సోకిందని తాయెత్తు కట్టించి, ఆలస్యంగా తీసుకొచ్చినవాళ్ళను చూశాను. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మాల వేసుకోవాలనుకుంటే రెండు వారాల ముందే డాక్టరుకు చూపించండి. మందులు, బీ1 విటమిన్ ఇచ్చి ఆ గండం దాటిస్తారు. మీటింగు ఆ వైద్యానికి బదులు కాదు, దాని తర్వాతి మెట్టు.

అన్నంలో తెలియకుండా పొడి కలపడం అసలే వద్దు. ఆ పొడిలో డైసల్ఫిరామ్ (మందు తాగితే ఒంటికి పడకుండా చేసే ఔషధం) ఉండి, అతను పైన మందు తాగితే బీపీ పడిపోయి గుండె మీదకు రావచ్చు.

అపోహ: అది చర్చి వ్యవహారం.

వాస్తవం: గది చవకగా దొరుకుతుందని చాలా చోట్ల చర్చి ఆవరణలోనో బడిలోనో కూర్చుంటారు, అంతే. ఏఏ ఏ మతానికీ పార్టీకీ చెందదు. ఏఏ సభ్యులు అనుసరించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది, కానీ "ఎవరికి అర్థమైన దేవుడు వారికి" అనే షరతుతో. ఫీజు లేదు. చివర్లో ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు, బయటివాళ్ళ విరాళం తీసుకోరు.

అపోహ: పూర్తిగా మానేశాకే వెళ్ళాలి.

వాస్తవం: మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యత్వానికి అదొక్కటే అర్హత. మళ్ళీ తాగి తప్పుచేసినవాడిలా తలొంచుకుని వచ్చినా తిట్టరు, కుర్చీ జరుపుతారు. మొదటిరోజు మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే పద్ధతి. పరువు గురించి భయపడేవాళ్ళకు ఒకటే అడుగుతాను: రోడ్డు మీద పడిపోయినప్పుడు చూసినవాళ్ళకన్నా ఈ గదిలో చూసేవాళ్ళు ఎక్కువా?

అపోహ: మాటలతో తాగుడు పోతుందా?

వాస్తవం: 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మంది వివరాలను కలిపి పరిశీలించింది. ఏఏకి పద్ధతిగా అలవాటుచేసే చికిత్సలు తీసుకున్నవాళ్ళే మిగతా చికిత్సల వాళ్ళకన్నా ఎక్కువమంది పూర్తిగా మందుకు దూరంగా ఉన్నారు. అందరికీ పడుతుందని నేననను. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపు చూడండి, కనీసం ఐదారుసార్లు వెళ్ళాకే తేల్చుకోండి.

అపోహ: అడ్రసు ఇస్తే వెళ్తాడు.

వాస్తవం: వెళ్ళడు. చేరిన కొత్తలో డిశ్చార్జి కాగితం మీద అడ్రసు రాసిచ్చి నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ కాగితాలు గేటు దాటేవి కావు. 1981లో అమెరికాలో 20 మందితో ఒక చిన్న అధ్యయనం చేశారు. పదిమందికి వివరాలు చెప్పి ఊరుకున్నారు, మిగతా పదిమందికి అక్కడే ఏఏ సభ్యుడితో ఫోన్లో మాట్లాడించారు. మొదటి గుంపులో ఒక్కరూ వెళ్ళలేదు, రెండో గుంపులో అందరూ వెళ్ళారు. ఇప్పుడు నేనూ వార్డులోనే ఫోను కలిపిస్తాను. "బస్టాండు దగ్గర నిలబడతాను, కలిసి వెళ్దాం తమ్ముడూ" అని అవతలి మనిషి అనగానే ఆ ముఖం మారడం కళ్ళారా చూస్తాను.

మీకు అలాంటివాళ్ళు తెలియకపోతే ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరివారీగా మీటింగులుంటాయి. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. 14446 కేంద్రప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రెండూ ఉచితం.

అపోహ: అతను రానంటే మనం చేసేదేం లేదు.

వాస్తవం: అల్-అనాన్ అని తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం వేరే మీటింగులున్నాయి, అతను మానకపోయినా మీరు వెళ్ళవచ్చు. ఓపెన్ మీటింగైతే ఏఏకి కూడా ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. అమ్మా, సీసాలు దాచడం, అప్పులు తీర్చడం, ఆఫీసుకు "జ్వరం" అని ఫోన్ చేయడం, ఇవన్నీ ఒంటరిగా మోస్తున్న మీలాంటి ఆడవాళ్ళే అక్కడ ఉంటారు.

మాల తీసే తేదీ మీకు ముందే తెలుసు కదా. ఆ వారంలో మీ దగ్గర్లో మీటింగు ఏ రోజు, ఎన్నింటికి అన్నది ఇప్పుడే కనుక్కుని క్యాలెండర్ మీద రాసిపెట్టండి.