జబ్బు ఎప్పుడు నాగా అయింది?

దేవరకొండ పక్క ఊరి తమ్ముడొకడు మొన్న ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చి నా ముందు పెట్టాడు. చౌటుప్పల్ వైపు ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు పనిచేసి, టీబీ వచ్చి ఇంటికి చేరినవాడు. కవర్లో ఛాతీ ఎక్స్‌రే, ఈఎస్ఐ (కార్మికుల బీమా) డిస్పెన్సరీ ఇచ్చిన సిక్ సర్టిఫికెట్లు, అడుగున కంపెనీ రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం. అందులో టీబీ అన్న మాటే లేదు. అనుమతి లేకుండా గైర్హాజరయ్యారు కాబట్టి మీ అంతట మీరే ఉద్యోగం వదులుకున్నట్టు భావిస్తున్నాం అని ఉంది. గైర్హాజరు కింద వేసిన తేదీలూ సర్టిఫికెట్ల మీది తేదీలూ ఒకటే.

"మందులు మింగుకుంట ఇంట్ల పడ్డనన్నా. అది నాగా ఎట్లయితది?" అన్నాడు.

ఎట్లయిందో తెలియాలంటే 1946 దాకా వెళ్లాలి. ఆ ఏడు స్టాండింగ్ ఆర్డర్ల, అంటే కంపెనీలో పని నియమాల, చట్టం వచ్చింది. దాని కింద కేంద్రం తయారుచేసిన నమూనాలో ఒక నిబంధన ఉండేది: సెలవు ముగిశాక 8 రోజుల్లోపు తిరిగొచ్చి, సరైన కారణం చెప్పుకోకపోతే ఉద్యోగం మీద హక్కు పోతుంది. రెండేళ్లకు ఈఎస్ఐ చట్టం వచ్చింది. సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు రోజుల భత్యం) తీసుకుంటున్న రోజుల్లో కార్మికుణ్ని తీసేయకూడదని దాని 73వ సెక్షన్ చెప్పింది.

ఈ రెండూ 1963లో సుప్రీంకోర్టులో ఎదురుపడ్డాయి. మద్రాసులోని బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికుడొకాయన సెలవు మీద ఊరికెళ్లి జబ్బుపడ్డాడు. ఈఎస్ఐ వాళ్లు ఆ జబ్బును ఒప్పుకున్నారు. 8 రోజులు రాలేదు కాబట్టి వదిలేసినట్టే అని మిల్లు వాదించింది. కోర్టు మిల్లు మాటే నిలబెట్టింది. 73వ సెక్షన్ ఆపేది యజమాని తీసేయడాన్ని. ఇక్కడ యజమాని తీసేయలేదు, స్టాండింగ్ ఆర్డర్ ప్రకారం ఉద్యోగం దానంతటదే పోయింది, అదీ తర్కం. మా తమ్ముడి ఉత్తరంలోని వాక్యానికి పుట్టుక ఇక్కడే అని నా నమ్మకం. 'తీసేశాం' అనకూడదు, 'వదిలేశావు' అనాలి.

జబ్బు పేరు చెప్పే తీసేసే దారి కూడా పాత చట్టంలో లేకపోలేదు. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో రిట్రెంచ్‌మెంట్‌కు (పరిహారం ఇచ్చి పనిలోంచి తీసేయడానికి) నిర్వచనం చేర్చినప్పుడే, దీర్ఘకాల అనారోగ్యం వల్ల తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదన్నారు. అంటే సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున ఇచ్చే పరిహారం కూడా ఎగిరిపోయినట్టే. అయినా నేను చూసినంతలో యాజమాన్యాలకు ఆ దారి మీద మోజు లేదు. జబ్బంటే డాక్టరు కావాలి, రుజువు కావాలి. నాగాకు హాజరు పట్టీ చాలు.

1993లో సుప్రీంకోర్టు మాట మారింది. స్టాండింగ్ ఆర్డర్‌లో రాసి ఉన్నా సరే, 8 రోజులు రాలేదని విచారణ లేకుండా పేరు కొట్టేయడం చెల్లదంది. ఉత్తరాల భాష మాత్రం మారలేదు.

ఆర్టీసీలో కథ వేరు. అక్కడ వినిపించే మాట 'మెడికల్ అన్‌ఫిట్'. రాజస్థాన్‌లో చూపు తగ్గిన బస్సు డ్రైవర్ల కేసులో 1990లో సుప్రీంకోర్టు, ఇది రిట్రెంచ్‌మెంట్ కాదంటూనే, వేరే పని చూపాలి, లేకపోతే అదనపు పరిహారం కట్టాలి అంది. 1995 వికలాంగుల చట్టం ఇంకో అడుగు వేసింది: సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే జీతం తగ్గకుండా వేరే పోస్టు ఇవ్వాలి. 2016 చట్టమూ అదే చెప్పింది. ఇంత ఉన్నా, 2014లో చేరి రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరొకాయన 2025 ఆగస్టు దాకా కోర్టుల్లో తిరగాల్సి వచ్చింది. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇస్తామని 1979లో ఆర్టీసీ యూనియన్లతో చేసుకున్న ఒప్పందం ఇంకా బతికే ఉందని, తగిన ఉద్యోగం, 25 శాతం బకాయిలు ఇవ్వాలని సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ రెండు చట్టాల్లోని ఈ రక్షణ సర్కారీ సంస్థలకే. చౌటుప్పల్ గేటు లోపలికి అది రాదు.

గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని వలసపోయే పాలమూరు కూలీకి ఈ గొడవేదీ లేదు. ఉత్తరమూ రాదు, సెక్షనూ లేదు. పడుకున్న రోజు కూలి పడదు, అడ్వాన్స్ మాత్రం అలాగే ఉంటుంది.

మా తమ్ముడికి నిజానికి దారి ఉండేది. ఈఎస్ఐలో మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం జీతం; టీబీ లాంటి దీర్ఘకాల జబ్బులకు, సర్వీసూ చందాలూ సరిపోతే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా. ఆ సంగతి డిస్పెన్సరీలో ఎవరూ చెప్పలేదట. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త కోడ్‌లు వచ్చాయి గానీ, అతని ఉత్తరం పాత చట్టాల కాలంనాటిది. పాత పారిశ్రామిక వివాదాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రాజీ అధికారికి అర్జీ పెట్టి 45 రోజులయ్యాక కార్మికుడే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలుండేది. గడువు, తీసేసిన రోజు నుంచి మూడేళ్లు.

ఉత్తరం మడత విప్పి పైన తేదీ చూశాను. మూడేళ్ల అయిదు నెలలయింది. తమ్ముడు నా మొహం వైపే చూస్తున్నాడు.