మీ కుక్కకి అసలు ట్రైనర్ మామయ్యగారే

ఖమ్మం నుంచి ఒకావిడ అడిగారు. వాళ్లింట్లో మూడేళ్ల ల్యాబ్రడార్ ఉంది, పేరు బ్రూనో. వీళ్లు అన్నానికి కూర్చుంటే చాలు, పక్కన చేరతాడు, కాసేపు మొహంలోకి చూస్తాడు, తర్వాత మోకాలి మీద కాలేస్తాడు, అప్పటికీ పట్టించుకోకపోతే మొరగడం మొదలెడతాడు, ఇక కంచాలు తీసేదాకా ఆపడు. "తిట్టాం సార్, గదిలో పెట్టి తలుపేశాం, మా అత్తయ్య ఎండుమిరపకాయలతో దిష్టి కూడా తీశారు. మేమైతే ఏమీ పెట్టం, అయినా మానట్లేదు" అని. నిజంగా ఎవ్వరూ పెట్టరా అనడిగా. "మామయ్యగారు ఎప్పుడన్నా ఓ ముక్క వేస్తారు, అదీ రోజూ కాదు, వారానికి రెండుమూడు సార్లంతే."

ఆ "రోజూ కాదు"లోనే ఉంది కిటుకంతా. ఆయన రోజూ పెట్టుంటే ఈ అలవాటు మాన్పించడం ఇంతకంటే తేలికయ్యేది.

మా నాన్న పాత స్కూటర్ గురించి చెప్పాలి ఇక్కడ. కొత్త బండి ఒక్క కిక్కుకి స్టార్టవుతుంది, ఏడాదంతా అలాగే స్టార్టయ్యి ఒక రోజు మొరాయించిందనుకోండి, ఓ పది కిక్కులు కొట్టి, ఏదో పోయింది అని మెకానిక్‌కి ఫోన్ చేస్తారు. మా నాన్న బండి అలా కాదు, ఒక రోజు మూడో కిక్కుకి, ఒక రోజు పదిహేడో కిక్కుకి, ఒక రోజు ప్లగ్గు తీసి గరుకు కాయితంతో గీకితేగానీ కదలదు. దాంతో ఆ బండి నిజంగా చచ్చిపోయిన రోజు ఆయన చెమటలు కక్కుతూ నలభై కిక్కులు కొట్టాడు. ఎందుకంటే పదిహేడు కిక్కులకి స్టార్టవ్వకపోవడం ఆయనకి వార్త కాదు, పద్దెనిమిదో దానికి అవ్వచ్చు కదా! బ్రూనో కూడా మామయ్యగారి మోకాలి దగ్గర కూర్చుని కిక్కు కొడుతున్నాడు, అంతే.

దీన్ని పార్షియల్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు, అంటే బహుమతి అప్పుడప్పుడు మాత్రమే రావడం. ఇది బయటపడ్డ తీరు నాకు భలే ఇష్టం. 1930ల్లో స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఎలకలు మీట నొక్కితే మేత గుళిక పడేలా పెట్టె కట్టాడు. గుళికలు తనే చేసుకోవాలి, ఓ శనివారం మధ్యాహ్నం లెక్క చూసుకుంటే సోమవారం పొద్దుటికల్లా అయిపోయేలా ఉన్నాయి. సాయంత్రమంతా గుళికలు చుట్టుకుంటూ కూర్చోవడం ఎందుకని, నొక్కిన ప్రతిసారీ కాకుండా నిమిషానికి ఒకటే ఇద్దాం అనుకున్నాడు. ఎలకలు మానేస్తాయేమో అనుకుంటాం కదా, మానలేదు, నొక్కుతూనే ఉన్నాయి. మన డిగ్రీ క్లాసుల్లో పావ్లోవ్, గంట, లాలాజలం అని మూడు ముక్కలు చెప్పి వదిలేస్తారు (గంట కొట్టి తిండి పెట్టడం అలవాటు చేస్తే కుక్కకి ఒట్టి గంటకే నోరూరుతుందని చూపించిన రష్యన్ శాస్త్రవేత్త), ఈ శనివారం కథ చెప్పుంటే క్లాసులో సగం మంది నిద్రపోయేవాళ్లు కాదు.

బుర్ర లోపల ఏం జరుగుతుందో కోతుల్లో చూశారు. కొంచెం గట్టి విషయం, ఓపిక పట్టండి. వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త బృందం కోతులకి ముందు ఒక గుర్తు చూపించి తర్వాత నోట్లో జ్యూస్ చుక్క వేస్తూ డోపమీన్ న్యూరాన్లని (డోపమీన్ అనే రసాయనంతో సంకేతాలు పంపే మెదడు కణాలు) గమనించింది. అలవాటయ్యాక న్యూరాన్లు జ్యూస్‌కి కాదు, గుర్తుకే ఉలిక్కిపడతాయి, వస్తుందనుకున్న జ్యూస్ రాకపోతే సరిగ్గా ఆ క్షణానికి వాటి వేగం పడిపోతుంది. అంటే ఆ సంకేతం చెప్పేది సుఖం గురించి కాదు, అంచనాకీ జరిగినదానికీ ఉన్న తేడా గురించి. 2003లో ఇంకోటి తేలింది, జ్యూస్ వచ్చే అవకాశం సగం సగం ఉన్నప్పుడు గుర్తుకీ ఫలితానికీ మధ్య ఆ న్యూరాన్ల చురుకుదనం నెమ్మదిగా పెరుగుతూ పోతుంది, తప్పకుండా వస్తుందన్నప్పుడు అలా పెరగదు. కుక్క బుర్రలోనూ అచ్చం ఇదే జరుగుతుందని ప్రమాణం చెయ్యను గానీ, మామయ్యగారి చెయ్యి ముక్క మీద ఆగినప్పుడు బ్రూనో కళ్లు చూస్తే నాకైతే ఇదే గుర్తొస్తుంది.

సరే, మాన్పించడం ఎలా? ముక్క ఆపేయాలి, పూర్తిగా, అందరూ. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఆపేసిన మొదటి రోజుల్లో అలవాటు తగ్గకపోగా పెరగొచ్చు, దీన్ని ఎక్స్‌టింక్షన్ బరస్ట్ అంటారు. స్కూటర్ స్టార్టవ్వకపోతే మనమేం చేస్తాం, ఇంకా గట్టిగా కొడతాం, బండిని ఓ తిట్టు తిడతాం. బ్రూనో కూడా గొంతు పెంచుతాడు, గీరుతాడు. నాలుగో రోజు అది భరించలేక "పాపం, ఈ ఒక్కసారికి" అని ముక్క వేశారా, ఇక అయిపోయినట్టే, పదిహేడో కిక్కు కాస్తా అరవయ్యో కిక్కు అయ్యింది, ఈసారి అరవై దాకా వస్తాడు. ఇంకో మెలిక ఉంది, పది రోజులు బుద్ధిగా ఉండి పదకొండో రోజు మళ్లీ ఒకసారి వచ్చి మోకాలి మీద కాలేస్తాడు, మా నాన్న రాత్రంతా బండిని వదిలేసి పొద్దున్నే మళ్లీ ఒక కిక్కు కొట్టి చూసినట్టు. పావ్లోవ్ కూడా తన కుక్కల్లో ఈ తిరగబెట్టడం చూశాడు. దానికీ ఏమీ ఇవ్వకపోతే అదే పోతుంది.

ఊరికే ఆపితే కుక్కకి ఏం చెయ్యాలో తెలీదు కాబట్టి గుమ్మం దగ్గర ఒక గోనెపట్టా వెయ్యండి. దాని మీద పడుకోగానే "గుడ్" అని వెంటనే, అంటే ఒక సెకనులో, దాని సొంత మేత గింజ ఒకటి అక్కడే పెట్టండి, కంచంలోది కాదు (ఉల్లిపాయ కుక్కలకి విషం, మన కూరల్లో అది లేనిదెక్కడ). అర నిమిషం ఆగి ఇస్తే అప్పటికి అది లేచి వస్తుంటుంది, లేచినందుకే జీతం ఇచ్చినట్టవుతుంది. మొదట ప్రతిసారీ ఇవ్వాలి, కుదురుకున్నాక ఒకసారి ఇచ్చి రెండుసార్లు మానండి, అంటే మామయ్యగారి పద్ధతే, కాకపోతే ఈసారి మనకి కావాల్సిన చోట. కొట్టడం దండగ, భోజనం దగ్గర మీరంటే భయం మాత్రం నేర్చుకుంటుంది.

దిష్టి సంగతి. 1948లో స్కిన్నర్ పావురాలకి అవి ఏం చేసినా చెయ్యకపోయినా నిర్ణీత వ్యవధిలో గింజలు పడేలా పెట్టాడు. ఒక పావురం గుండ్రంగా తిరగడం, ఒకటి తల ఊపడం మొదలెట్టాయి, గింజ పడేముందు యాదృచ్ఛికంగా ఏం చేస్తున్నాయో అదే పట్టుకున్నాయని ఆయన వాదన, తర్వాతవాళ్లు కొందరు దీనితో విభేదించారు. మా నాన్న మాత్రం స్కూటర్‌ని పక్కకి వంచి మూడుసార్లు సీటు మీద తట్టి అప్పుడు కిక్కు కొట్టేవాడు. వంచడానికి ఓ కారణం ఉంది, పెట్రోలు సరిగ్గా దిగడానికి. తట్టడానికి ఏమీ లేదు. అత్తయ్యగారు దిష్టి తీసిన రోజు బ్రూనో నిజంగానే ఊరుకున్నాడట, ఆ రోజు మామయ్యగారు ఊళ్లో లేరు.

ఆవిడ నిన్న మళ్లీ మెసేజ్ పెట్టారు. తొమ్మిది రోజులు బ్రూనో పట్టా మీదే ఉన్నాడట, పదో రోజు మామయ్యగారి చెయ్యి టేబుల్ కిందకి వెళ్లిందట. పట్టా ఇంకొకటి కొనమన్నాను, ఆయనకి.