లెటి: పందుల ఫామ్ కింద పడి ఉన్న చరిత్ర

చెక్ రిపబ్లిక్ దక్షిణాన, పీసెక్ పట్టణానికి దగ్గర్లో లెటి అనే చిన్న పల్లె ఉంది. నాజీల కాలంలో అక్కడి క్యాంపులో చనిపోయిన రోమాల (జిప్సీల) కోసం ఆ ఊరి పక్కన 2024లో ఒక స్మారక కేంద్రం తెరిచారు. అంతకుముందు దశాబ్దాల పాటు అక్కడ పందుల ఫామ్ నడిచింది. దాదాపు 13 వేల పందులుండేవి. దాన్ని తీయించడానికి రోమా కుటుంబాలు ఏళ్ల తరబడి పోరాడాయి.

రోమాల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి పడమటికి తరలిపోయారు. ఇప్పటికీ వాళ్ల భాషలో నీళ్లు అంటే ‘పానీ’, ముక్కు అంటే ‘నఖ్’. ఊరూరా తిరిగే ఈ జనాన్ని ప్రభుత్వాలు ఎప్పుడూ అనుమానంగానే చూశాయి. 1927లోనే చెకోస్లోవేకియా ప్రత్యేక చట్టం చేసి, వేలిముద్రలు తీసుకుని మరీ వాళ్లకు కార్డులిచ్చింది.

1939 మార్చి 2న, అంటే హిట్లర్ సేనలు ప్రాగ్‌లో అడుగుపెట్టడానికి రెండు వారాల ముందే, ‘పనీపాటా లేని’వాళ్ల కోసం లేబర్ క్యాంపులు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారమే 1940లో లెటి క్యాంపు మొదలైంది. 1942 ఆగస్టులో నాజీల పాలన దాన్ని జిప్సీ క్యాంపుగా మార్చింది. ఇక కుటుంబాలకు కుటుంబాలనే పట్టుకొచ్చారు. బండ్లు, గుర్రాలు లాక్కుని, తలలు గొరిగించి, కొన్ని వందల మందికి కట్టిన చెక్క గుడిసెల్లో వెయ్యి మందికి పైగా కుక్కారు. ఆకలికి తోడు టైఫస్ అనే అంటురోగం కూడా వచ్చిపడింది. మొత్తం 1,300 మంది దాకా వస్తే 300 మందికి పైగా అక్కడే ప్రాణాలు విడిచారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. క్యాంపులో పుట్టిన 36 మంది పసికందుల్లో ఒక్కరూ బతకలేదు. 500 మందికి పైగా ఖైదీలను నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కు తరలించారు. 1943లో క్యాంపు మూతపడింది.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, లెటిలో కాపలా కాసింది జర్మన్లు కాదు, చెక్ పోలీసులు. యుద్ధం తర్వాత కేసు నడిచినా క్యాంపు అధికారికి శిక్ష పడలేదు. మనవాళ్లే చేశారని ఒప్పుకోవడం ఏ దేశానికైనా కష్టమే. కానీ ఆ మౌనంలోనే 1970లలో కమ్యూనిస్టు ప్రభుత్వం క్యాంపు స్థలంలో పందుల ఫామ్ కట్టించింది.

1995లో అధ్యక్షుడు వాత్స్లావ్ హావెల్ వచ్చి, చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టిన చోట స్మారకం ఆవిష్కరించారు. ఫామ్ మాత్రం కదల్లేదు. ఏటా మేలో పెద్దలకు పూలు పెట్టడానికి వచ్చే కుటుంబాలు ఆ కంపులోనే నిలబడి ప్రార్థన చేసుకునేవి. తీసేయమని 2005లో యూరోపియన్ పార్లమెంట్ చెప్పినా, డబ్బు లేదన్న జవాబే వచ్చింది. 2016లో అప్పటి ఆర్థిక మంత్రి ఆంద్రేయ్ బాబిష్ ఆ క్యాంపును పని చేయనివాళ్లను పెట్టిన చోటన్నట్టు మాట్లాడి, గొడవ కావడంతో క్షమాపణ చెప్పారు. 1939 నాటి ఉత్తర్వులో ఉన్నదీ ఆ మాటే. నెలల పసిపిల్లలు ఏం పని చేయాలి?

చివరికి 2017లో ప్రభుత్వం సుమారు 45 కోట్ల క్రౌన్లకు (చెక్ కరెన్సీ) ఫామ్‌ను కొనేసింది. కూల్చివేత 2022 జూలైలో మొదలైంది. ఈ పోరాటాన్ని ముందుండి నడిపిన చెన్యెక్ రూజిచ్కా ఆ రోజు అక్కడే ఉన్నారు. ఆయన తల్లి లెటిలో ఖైదీ. ఆమె బిడ్డ ఒకరు ఆ క్యాంపులోనే చనిపోయారు. గోడలు కూలడం రూజిచ్కా కళ్లారా చూశారు. స్మారకం తెరుచుకోవడం చూడలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆయన కన్నుమూశారు.