బౌహౌస్ – అపోహలు, వాస్తవాలు: మగ్గం వైపు నుంచి

నేను బట్టల డిజైనర్‌ని. రోజులో సగం నేతగాళ్ల పక్కనే గడుస్తుంది. జర్మనీలో ఒకప్పుడు నడిచిన డిజైన్ బడి బౌహౌస్. దాని పేరెత్తగానే విద్యార్థులు తెల్ల గోడలు, చదును పైకప్పుల ఫొటోలు తీస్తారు. ఆ బడిలో మగ్గాలు ఆడేవంటే నమ్మరు.

అపోహ: అదొక భవన నిర్మాణ శైలి.
వాస్తవం: 1919లో జర్మనీలోని వైమర్‌లో వాల్టర్ గ్రోపియస్ మొదలుపెట్టింది చేతిపని బడి. మట్టి, చెక్క, లోహం, నేత, అన్నిటికీ పనిశాలలుండేవి. ఆర్కిటెక్చర్‌కి విడిగా విభాగం 1927లో గాని రాలేదు.

అపోహ: ఆడవాళ్లకు సమాన స్థానం దక్కింది.
వాస్తవం: మాట ఇచ్చారు, నిలబెట్టుకోలేదు. మొదటి విడతలో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువమంది చేరేసరికి పెద్దలు కంగారుపడి, చాలామందిని నేతకి మళ్లించారు. మరియానే బ్రాంట్ లాంటి ఒకరిద్దరే లోహపు పనిలోకి వెళ్లగలిగారు. గాజు పని నేర్చుకుందామనుకున్న ఆనీ ఆల్బర్స్‌కీ మగ్గమే మిగిలింది. ఈ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అయినా గుంటా స్టోల్జల్ నాయకత్వంలో ఆ నేత పనిశాలే బడిలోకెల్లా గట్టి ప్రయోగశాల అయింది.

అపోహ: వాళ్లు నేసినవి గోడకి వేలాడదీసే అలంకారాలు.
వాస్తవం: 1930లో ఆనీ డిప్లొమా కోసం చేసిన బట్ట చూడండి. జర్మనీలోని బెర్నౌలో కార్మిక సంఘాల బడి ఉండేది. దాని సభామందిరం గోడలకోసం నేసింది. ముందువైపు సెల్లోఫేన్ (మెరిసే పలుచని పొర) వెలుతురును తిప్పికొడుతుంది, వెనకవైపు షెనీల్ (మెత్తటి నూగు దారం) చప్పుడును పీల్చుకుంటుంది. ఒకే నేతలో రెండు ముఖాలు, రెండు పనులు! పడుగు, పేకల లెక్క తెలిసినవాళ్లకి అందులోని తెలివి ఇట్టే అర్థమవుతుంది. 1949లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఆమె ఒక్కరి పనితోనే ప్రదర్శన పెట్టింది. నేత కళాకారులెవరికీ అంతకుముందు అక్కడ ఆ గౌరవం దక్కలేదు.

అపోహ: వస్తువులన్నీ సామాన్యుడికి అందే ధరలోవి.
వాస్తవం: కోరిక అదే. కానీ యంత్రంలో చేసినట్టు కనిపించే, అక్కడి విద్యార్థి వాగెన్‌ఫెల్డ్ పేరుతో తెలిసిన దీపం కూడా చేత్తో చేసిందే, ఖరీదైనదే. బాగా అమ్ముడైంది 1929లో వచ్చిన వాల్‌పేపర్.

అపోహ: అక్కడ చదివినవాళ్లంతా నాజీల బాధితులే.
వాస్తవం: 1933లో నాజీల ఒత్తిడితో బడి మూతపడిన మాట నిజం. తన నేతకి పేటెంట్ సంపాదించిన ఓట్టి బెర్గర్‌ని, యూదురాలు కావడంతో, 1944లో ఔష్విట్జ్ అనే నాజీ మరణ క్యాంపులో చంపేశారు. ఆ క్యాంపుకి ప్లాన్లు గీసినవాళ్లలో ఫ్రిట్జ్ ఎర్టల్ ఒకడు. అతను చదివిందీ బౌహౌస్‌లోనే.