మినరల్ ఆయిల్ మీద నిందలు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, మినరల్ ఆయిల్ పోస్తే ఇంజిన్ తొందరగా బోరుకొస్తుందంట, నిజమేనా?" నా దగ్గరికి ఇంజిన్ ఆయిల్ మార్పించుకోడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. నేను విప్పిన ఇంజిన్లలో ఆయిల్ అడుగంటి బేరింగులు పట్టేసినవి ఉన్నాయి, గడువు దాటి మడ్డి కట్టినవి ఉన్నాయి, సరిపడని గ్రేడ్ (చిక్కదనం కొలత) పోసి వాల్వుల్ని నెట్టే ట్యాపెట్లు మోతెక్కినవి ఉన్నాయి. బండితో వచ్చే కంపెనీ పుస్తకం ఒప్పుకున్న మినరల్ ఆయిల్ వేళకి మారుస్తూ వాడితే, కేవలం ఆ ఆయిల్ వల్లే పోయిందని చెప్పదగ్గ ఇంజిన్ మాత్రం నాకు తగల్లేదు.

అపోహ: మినరల్ అంటే ముడి చమురు వడగట్టి డబ్బాలో పోసింది, సింథటిక్ అంటే పూర్తిగా ల్యాబులో పుట్టింది.

డబ్బాలో ఉండేది బేస్ ఆయిల్ అనే అసలు నూనె, దానికి కలిపిన అడిటివ్‌లనే మందులు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అదే డబ్బా మీద కనిపించే ఎపిఐ, బేస్ ఆయిళ్లని ఐదు గ్రూపులు చేసింది. మొదటి రెండూ మనం మినరల్ అనేవి. మూడోది కూడా మామూలుగా ముడి చమురు నుంచి వచ్చేదే. కాకపోతే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేస్తారు. దాన్ని సింథటిక్ అని అమ్మొచ్చా అని అమెరికాలో ప్రకటనల మీద పెద్ద పేచీ నడిచింది. 1999లో అమ్మొచ్చనే తేలింది. అంటే ఇవాళ సింథటిక్ అని కొంటున్న డబ్బాల్లో చాలావాటి మూలం ముడి చమురే.

ఇక అడిటివ్‌లు. మురికిని కడిగేది, మసిని ముద్దకట్టకుండా విడివిడిగా తేల్చేది, అరుగుదల ఆపేది, నురగ రాకుండా చూసేది, తుప్పు పట్టనివ్వనిది, ఇవన్నీ మినరల్‌లోనూ ఉంటాయి. 2020లో వచ్చిన ఎపిఐ ఎస్‌పి అనే నాణ్యత ముద్ర కావాలంటే మినరలైనా సింథటికైనా ఆ కేటగిరీ ఇంజిన్ పరీక్షల్లో నెగ్గాల్సిందే.

సింథటిక్ గొప్ప కాదని నేననను. గడ్డకట్టే చలిలో అది తేలిగ్గా పారుతుంది, వేడికి తక్కువ ఆవిరవుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. టర్బో ఇంజిన్‌కి కంపెనీ సింథటికే రాస్తే దాని జోలికి మినరల్ తీసుకెళ్లొద్దు. టర్బో షాఫ్ట్ దగ్గర వేడికి ఆయిల్ మాడి బొగ్గులా పేరుకుంటుంది, ఆయిల్ దారి మూసుకుంటుంది. ఈ బేరం మాత్రం నేను ఎవరితోనూ ఆడను.

అపోహ: ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే ఇంజిన్‌కి అంత రక్ష.

అన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. వేళ్ల మధ్య రుద్ది చూసి "ఇది పల్చగా ఉందే, 20డబ్ల్యు-50 పొయ్యి" అంటారు. గది వేడిలో వేళ్లకి తెలిసే చిక్కదనానికీ, ఇంజిన్ కాగాక ఉండే చిక్కదనానికీ పొంతన ఉండదు. డబ్ల్యు అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, అది ఎంత తక్కువైతే అంత మేలు. వెనకున్న అంకె వేడెక్కాక ఉండే చిక్కదనానిది. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడ్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్య ఉండాలి, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 మధ్య. అంటే మధ్యస్థంగా చూస్తే రెట్టింపు పైమాటే.

0డబ్ల్యు-20 కోసం కట్టిన ఇంజిన్‌లో బేరింగుల సందులు, పంపు, సన్నని ఆయిల్ దారులు అన్నీ ఆ లెక్కకే ఉంటాయి. అందులో 20డబ్ల్యు-50 పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైన వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ దాకా ఆయిల్ ఎక్కడం ఆలస్యమవుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగే ఘడియ కూడా అదే. వాల్వ్ టైమింగ్‌ని ఆయిల్ ప్రెజర్‌తోనే తిప్పే ఇంజిన్లలో చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగొచ్చు.

"మీటర్లో ప్రెజర్ బాగా చూపిస్తోందిగా" అంటారు. ఆయిల్ కదలడానికి ఇబ్బంది పడుతున్నా ప్రెజర్ పెరుగుతుంది. మరీ పెరిగితే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని, పంపు తోడిన ఆయిల్‌లో కొంత బేరింగుల దాకా పోకుండానే వెనక్కి వచ్చేస్తుంది. ప్రెజర్ ఎక్కువ, పారేది తక్కువ.

అలాగని 20డబ్ల్యు-50 చెడ్డదేం కాదు. దానికోసమే తయారైన పాత ఇంజిన్లకి అదే సరైంది. అరిగిన ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే, పుస్తకంలోని పట్టిక ఒప్పుకున్నంత వరకు ఒక మెట్టు పైకి వెళ్లొచ్చు. పొగ కొంత తగ్గుతుంది. అరిగిన పిస్టన్ రింగులు మాత్రం బాగుపడవు.

అపోహ: నల్లబడిందంటే పాడైందని.

డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసి కాసేపు తిప్పి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూడండి, అప్పుడే నల్లగా ఉంటుంది. మసిని తనలో తేల్చి పట్టుకోవడం ఆయిల్ పని, అది చేస్తోందన్నమాట. అసలు ఎన్నాళ్లైనా రంగు మారని ఆయిల్‌ని చూస్తేనే నాకు అనుమానం.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఫిల్టర్ పేపరు మీద డిప్‌స్టిక్‌తో ఒక చుక్క వేసి వదిలేయండి. నలుపు చుట్టూ సమంగా పాకి అంచుల్లో పల్చబడితే ఆయిల్ ఇంకా మసిని మోస్తోంది. నడుమ గట్టి నల్లమచ్చగా, అంచు గీసినట్టు ఆగిపోతే దాని పని అయిపోయింది. పెట్రోల్ వాసన ఘాటుగా వస్తే ఇంధనం కలుస్తోంది. ఆయిల్ పోసే మూత లోపల కాస్త తెల్లటి నురగ ఉంటే, చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో చెమ్మ చేరిందని. ఓసారి దూరం తిప్పితే అదే పోతుంది. డిప్‌స్టిక్ మీదే పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే మాత్రం స్టార్ట్ చేయొద్దు, సిలిండర్ హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోయి ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుండొచ్చు.

అపోహ: బండి పెద్దగా తిరగలేదు, ఆయిల్ కొత్తదే.

తిరగని బండికి కూడా గడువుంటుంది. చాలా కంపెనీలు కిలోమీటర్లు గానీ సంవత్సరం గానీ, ఏది ముందైతే అది అని రాస్తాయి. ఇంజిన్ పూర్తిగా కాగకముందే ఆపేస్తుంటే చెమ్మ, పెట్రోల్ ఆవిరై పోయే అవకాశమే రాదు. ట్రాఫిక్‌లో నిలబడి ఇంజిన్ తిరిగిన గంటలు ఓడోమీటర్‌లో పడవు. దుమ్ము, బరువులు, చిన్న దూరాలు, ఇవన్నీ పుస్తకంలో కఠినమైన వాడకం కిందకొస్తాయి, గడువు బాగా తగ్గుతుంది. మనలో చాలామంది వాడకం ఆ కోవలోదే, కానీ ఎవరూ ఒప్పుకోరు. పైగా వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆక్సిడేషన్ (గాలితో కలిసి పాడవడం) వేగం రెట్టింపవుతుందని ఓ మోటు లెక్క. మినరల్ దీనికి ముందుగా లొంగుతుంది. కాబట్టి మినరల్ వాడేవాళ్లు సింథటిక్ గడువులు అరువు తెచ్చుకోవద్దు.

అపోహ: సింథటిక్, మినరల్ కలిస్తే ముద్ద కడుతుంది. ఒకసారి మారితే వెనక్కి రాకూడదు.

కట్టదు. సెమీ సింథటిక్ అంటే ఆ రెండిటి కలయికేగా! దారిలో ఆయిల్ తగ్గి అదే గ్రేడ్ మినరల్ దొరికితే పోసేయండి. సింథటిక్ గుణం కొంత తగ్గుతుంది, అంతే. 1970ల్లో వచ్చిన తొలి సింథటిక్‌లు కొన్ని సీళ్లని కుంచించి లీకులు తెచ్చాయి, ఆ భయం ఇంకా వదల్లేదు. ఇప్పటివాటిలో సీళ్లకి పడే అడిటివ్‌లు ఉంటాయి. పాత ఇంజిన్‌లో ముందే ఎండిన సీలుకి అడ్డుపడ్డ మడ్డి కరిగి లీకు బయటపడటం వేరే సంగతి. ఆ మడ్డిని కిరోసిన్, డీజిల్ పోసి కడగమని అడిగితే నేను కడగను. ఊడిన పెళ్లలు పోయి పంపు జల్లెడకి అడ్డం పడతాయి.

అపోహ: కారు ఆయిల్ బైక్‌లో పోసినా ఒకటే.

చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంధనం ఆదా కోసం కారు ఆయిల్‌లో కలిపే జారుడు అడిటివ్‌లకి క్లచ్ జారొచ్చు. అందుకే 1998లో జపాన్ నుంచి బైక్ ఆయిళ్లకి జాసో అనే ప్రమాణ ముద్ర వచ్చింది. మునిగే క్లచ్‌కి ఎంఎ లేదా ఎంఎ2 చూసి కొనండి.

అపోహ: కాస్త ఎక్కువ పోస్తే నష్టమేముంది?

క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలుకుతుంది, నురగ వస్తుంది, పంపు గాలి పీలుస్తుంది. బండి సమంగా నిలిపి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలాగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ దింపి చూడండి. రెండు గీతల మధ్య ఉంటే చాలు, ఎక్కువైతే తీసేయించండి.

అపోహ: పైన ఇంకో అడిటివ్ డబ్బా పోస్తే పొగ ఆగుతుంది.

కొన్నాళ్లు ఆగినట్టు కనిపించొచ్చు. నీలం పొగ స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి తగ్గిపోతుంటే వాల్వ్ సీళ్లని అనుమానించండి. లాగినప్పుడల్లా వస్తుంటే ముందు కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత ఒత్తుకుంటోందో) చూడాలి. తక్కువొచ్చిన సిలిండర్లో కొంచెం ఆయిల్ వేసి మళ్లీ చూస్తే, రీడింగ్ పెరిగిందంటే రింగులు అరిగినట్టు. కదలకపోతే వాల్వులో, గ్యాస్కెట్టో. ఆ డబ్బాకి పెట్టే డబ్బు ఈ టెస్టుకి పెట్టండి.